పదో వంతు జాడ

గాండ్లపెంట, కదిరి చుట్టుపక్కల ప్రార్థన మందిరాల్లో కానుకల సంచి తిరిగేటప్పుడు తరచూ వినపడే మాట దశమభాగం. రాబడిలో పదో వంతు దేవుడిదని, అది ఇవ్వకపోతే దేవుడి సొమ్ము ఎగ్గొట్టినట్టేనని చెబుతారు. వినేవాళ్లలో వానమీద ఆధారపడి చెనిక్కాయ వేసే రైతులున్నారు. గొర్రెలు మేపేవాళ్లున్నారు. ఉపాధి హామీ పనికి పోయేవాళ్లున్నారు. వాళ్లు అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది. "అయ్యగారూ, కాయలు అమ్మిన దుడ్డు అంతటి మీదనా, అప్పు కట్టినాక మిగిలిన దుడ్డు మీదనా?" పంట ఎండిన ఏడు ఏం చేయాలన్నది దాని వెంటే వచ్చే ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఒక్కో చోట ఒక్కో జవాబు చెబుతారు. నియమం స్పష్టంగా ఉంటే ఇన్ని జవాబులు ఉండవు. అందుకని ఆ నియమాన్ని ఎప్పుడు పెట్టారు, ఎవరి మీద పెట్టారు, వసూలైనది ఎవరికి చేరింది అనే మూడు ప్రశ్నలతో పాత కాగితాలు తిరగేశాను. ఇప్పుడు దాన్ని ఎవరు ఏ ఉద్దేశంతో బోధిస్తున్నారన్నది ఇక్కడ నేను తేల్చే విషయం కాదు. తేదీలు, అంకెలు, ఒకదానితో ఒకటి పొసగని వాక్యాలు మాత్రమే నా ఆధారాలు.

మొదటి అనుమానం: మిషనరీలు తెచ్చారా?

చాలామంది మొదట చెప్పే జవాబు ఇదే. దొరలు తెచ్చిన మతం కాబట్టి ఈ లెక్కా వాళ్లదే అయి ఉంటుందంటారు. దీన్ని పరీక్షించాలంటే ముందు ఒక చిన్న సంగతి తెలియాలి. కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలో ఉండేది. ఆ తర్వాతే అనంతపురంలో కలిసింది. కాబట్టి ఇక్కడి పాత సంగతులు అనంతపురం పేరు కింద వెతికితే దొరకవు. కడప పేరు కింద వెతకాలి.

అలా వెతికితే కనపడేది లండన్ మిషనరీ సొసైటీ. 1805లో విశాఖపట్నం, 1810లో బళ్ళారి, 1822లో కడప. తర్వాత గుత్తి, అనంతపురం, కదిరి. 1795లో లండన్‌లో పుట్టిన ఈ సొసైటీలో ఎక్కువమంది కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు. అంటే ఇంగ్లండ్‌లో ప్రభుత్వ చర్చికి బయట ఉన్నవాళ్లు. వాళ్ల సంఘాలు సభ్యులు ఇష్టపడి ఇచ్చిన చందాల మీద నడిచేవి. 1844లో ఈ సొసైటీకి ఒక ఓడ కావలసివస్తే ఇంగ్లండ్ పిల్లలు చిల్లర పోగుచేసి 6,237 పౌండ్లు ఇచ్చారు.

మరి అప్పటి ఇంగ్లండ్‌లో పదో వంతు లేదా? ఉండేది. అది భూమి మీద చట్టం విధించిన వసూలు. పొలం ఉన్నవాడు ఏ సంఘానికి వెళ్లినా ఆ వంతు మాత్రం ప్రభుత్వ చర్చి గురువులకో, ఆ హక్కు పొందిన ఇతరులకో కట్టాల్సి వచ్చేది. ధాన్యం రూపంలో ఉన్న దాన్ని 1836 చట్టం డబ్బు రూపంలోకి మార్చింది. చర్చి భవనాల కోసం వేసే మరో నిర్బంధ పన్ను 1868లో రద్దయింది. దాని రద్దు కోసం పోరాడినవాళ్లలో కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు ముందు వరుసలో ఉన్నారు. నిర్బంధ వసూలును తమ దేశంలో ఎదిరించిన సంప్రదాయం నుంచి కదిరికి మనుషులు వచ్చారు. ఏ మిషనరీ ఎన్నడూ పదో వంతు గురించి బోధించలేదని దీనివల్ల రుజువు కాదు. కాని నిర్బంధ నియమానికి ఈ సంప్రదాయమే పుట్టిల్లు అనే వాదన నిలవదు. ఈ జాడ ఇక్కడితో ఆగింది.

రెండో జాడ: ధర్మశాస్త్రం

నియమం బైబిల్లోనే ఉందని రెండో జవాబు. ఉంది. చిక్కేమిటంటే అది మూడు చోట్ల ఉంది, మూడూ ఒకే మాట చెప్పవు. సంఖ్యాకాండము 18వ అధ్యాయం ప్రకారం పదో వంతు లేవీయులది. ఆ గోత్రానికి భూమి పంపకంలో వాటా రాలేదు. ఆ వాటాకు బదులు ఇది. వాళ్లు తమకు వచ్చిన దాంట్లో మళ్లీ పదో వంతు యాజకులకు ఇవ్వాలి. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం ప్రకారం ఆ వంతును ఇచ్చినవాడే తన ఇంటివాళ్లతో కలిసి దేవుడి సన్నిధిలో భోజనం చేయాలి. దారి దూరమైతే పంట అమ్మి డబ్బు మూట కట్టుకుని వెళ్లవచ్చు. మూడో ఏట మాత్రం దాన్ని సొంత ఊళ్లోనే ఉంచాలి. అది లేవీయుడికి, పరదేశికి, తండ్రిలేని పిల్లలకు, విధవరాలికి. లేవీయకాండము 27వ అధ్యాయం పంటతోపాటు పశువులను కూడా చేర్చింది.

ఈ వైరుధ్యాన్ని యూదు పండితులు ఒక క్రమంలో సర్దారు. పంటలో మొదటి పదో వంతు లేవీయులకు. మిగిలిన దాంట్లో రెండో పదో వంతు పండుగ భోజనానికి. మూడో ఏట, ఆరో ఏట ఆ రెండోది పేదలకు. ఏడో ఏట భూమి బీడు, కాబట్టి ఏమీ లేదు. లెక్క వేసి చూడండి. 100 బస్తాలు పండితే మొదట 10 పోతాయి. మిగిలిన 90లో 9 పోతాయి. మొత్తం 19. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ మూడో ఏట పేదల వంతును వీటికి అదనంగా లెక్కపెట్టాడు. అంటే ధర్మశాస్త్రాన్ని అక్షరాలా అనుసరించినా చేతికి వచ్చే అంకె 10 కాదు.

పశువుల లెక్క ఎలా చేసేవారో మిష్నాలో వివరంగా ఉంది. క్రీస్తు తర్వాత సుమారు 200లో కూర్చిన యూదు న్యాయ గ్రంథం అది. ఆ ఏడు పుట్టిన పిల్లలను దొడ్లోకి తోలతారు. రెండు ఒకేసారి దూరలేనంత ఇరుకుగా దారి వదులుతారు. కాపరి కర్ర పట్టుకుని నిలబడి, బయటికి వచ్చేవాటిని ఒకటి, రెండు అని తొమ్మిది దాకా లెక్కపెడతాడు. పదోది రాగానే దాని మీద ఎర్ర రంగు పూసి, ఇది పదోది అని చెబుతాడు. బలిసినదా, బక్కదా అని ఎంచకూడదు. ఇప్పుడు తొమ్మిది పిల్లలే ఉన్న కాపరి ఎంత ఇవ్వాలి? ఏమీ ఇవ్వక్కరలేదు. పదోది లేదు కాబట్టి వంతు లేదు. పంతొమ్మిది ఉంటే ఒక్కటే. గాండ్లపెంట దగ్గర మేకలు మేపుకునే మనిషికి ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఇక కూలి డబ్బు సంగతి. ధర్మశాస్త్రం జాబితాలో ధాన్యం, చెట్ల పండ్లు, ద్రాక్షారసం, నూనె, పశువులు ఉన్నాయి. కూలి లేదు. ఇచ్చేవాడు భూమో మందో ఉన్నవాడు. భూమి లేనివాడు అదే శాస్త్రంలో పుచ్చుకునేవాళ్ల వరసలో ఉన్నాడు. పొలం అంచులు కోయకుండా వదలాలని, రాలిన పరిగె పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతుంది. చెనిక్కాయ పీకాక భూమిలో మిగిలిన కాయలు ఏరుకునే ఆడవాళ్లను మన పొలాల్లో చూస్తూనే ఉంటాం. ఆ శాస్త్రం చెప్పిన పరిగె హక్కు అలాంటివాళ్లది. పదో వంతు బాధ్యత పొలం యజమానిది. కూలికి పోయేవాళ్లకు మాత్రం ఇక్కడే జవాబు దొరికింది.

వదిలేసిన మూడు ఆధారాలు

ధర్మశాస్త్రం కన్నా ముందే పదో వంతు ఉందని చెప్పేవాళ్లు అబ్రాహామును చూపిస్తారు. ఆదికాండము 14వ అధ్యాయం తెరిచి చూశాను. అబ్రాహాము యాజకుడైన మెల్కీసెదెకుకు ఇచ్చింది యుద్ధంలో గెలిచి తెచ్చిన సొమ్ములో వంతు. హెబ్రీయులకు రాసిన పత్రిక 7వ అధ్యాయం కూడా దాన్ని కొల్లసొమ్ము అనే అంటుంది. మిగిలిన దాంట్లో తనకంటూ ఏమీ ఉంచుకోనని అబ్రాహాము అదే అధ్యాయంలో సొదొమ రాజుతో చెప్పాడు. ప్రతి ఏటా పంటలో ఇచ్చినట్టు ఎక్కడా లేదు. యాకోబు ఆదికాండము 28లో మొక్కుకున్న పదో వంతు కూడా ఒక వ్యక్తి షరతుతో చేసుకున్న మొక్కు. రెండూ నియమానికి రుజువులు కావు.

రెండోది మలాకీ 3వ అధ్యాయం. దేవుడి సొమ్ము దొంగిలించడం అనే మాటకు మూలం ఇదే కాబట్టి దీని దగ్గర ఎక్కువసేపు ఆగాను. వంతు అంతా మందిరపు కొట్టులోకి తేవాలని అక్కడ ఉంది. కాని నెహెమ్యా 10వ అధ్యాయం ఇంకోలా చెబుతుంది. లేవీయులే ఊరూరా తిరిగి వంతు పోగుచేసుకుంటారు. అందులో పదో వంతు మాత్రమే యెరూషలేము కొట్టుకు చేరుతుంది. తక్కినది ఊళ్లలోనే ఉంటుంది. మరి మలాకీ ఫిర్యాదు ఎవరి మీద? ఆ గ్రంథంలో 1వ అధ్యాయం నడుమ నుంచి 2వ అధ్యాయం తొలి భాగం దాకా మందలింపు యాజకుల మీద. 3వ అధ్యాయంలో జనమంతా అనే మాట ఉంది. కాబట్టి జనానికి సంబంధం లేదనలేం. జనానికి మాత్రమే అనీ అనలేం.

ఆ కాలపు కొట్టులో నిజంగా ఏం జరిగిందో నెహెమ్యా 13వ అధ్యాయంలో ఉంది. వంతులు దాచాల్సిన గదిని ఒక యాజకుడు తన బంధువుకు విడిదిగా ఇచ్చాడు. లేవీయులకు రావలసినది రాక, వాళ్లు పొలం పనులకు పోయారు. క్రీస్తుకు ముందు 433 తర్వాత యెరూషలేముకు రెండోసారి వచ్చిన అధిపతి నెహెమ్యా ఆ బంధువు సామాన్లు బయట పారేయించి, గది శుభ్రం చేయించాడు. జనం మళ్లీ వంతులు తెచ్చారు. ఆయన అక్కడితో ఆగలేదు. నమ్మకస్తులని పేరున్న మనుషులను ఎంచి, కొట్టును వాళ్లకు అప్పగించి, పంచే పని వాళ్ల మీద పెట్టాడు. వసూలుతో పాటే లెక్క చూసేవాళ్లు వచ్చారు. ఈ సంగతి పక్కన రాసుకున్నాను. తర్వాత పనికొచ్చింది.

మూడోది మత్తయి 23వ అధ్యాయం. పుదీనాలో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టే పరిసయ్యులను యేసు మందలిస్తాడు. న్యాయం, కనికరం, విశ్వాసం వదిలేశారంటాడు. ఆ లెక్క మానమని మాత్రం అనలేదు. దీన్ని బట్టి క్రైస్తవులకు నియమం వచ్చిందా? ఆ మాట మందిరం నిలిచి ఉన్నప్పుడు, ధర్మశాస్త్రం కింద ఉన్న మనుషులతో అన్నది. మందిరాన్ని రోమన్ సైన్యం క్రీస్తు తర్వాత 70లో కూల్చింది. ఈ వాక్యం ఒక్కదాని మీద తర్వాతి సంఘాలకు నియమం కట్టలేం.

మొదటి సంఘాల లెక్క

క్రైస్తవుల్లో మొదటి పెద్ద చందా వసూలు పౌలు చేసింది. 50ల నడుమ గలతీయ, మాసిదోనియ, అకయ ప్రాంతాల సంఘాల నుంచి యెరూషలేములోని పేదలకు. కొరింథీయులకు రాసిన రెండు పత్రికల్లో దాని వివరాలున్నాయి. ఎంత ఇవ్వాలో అంకె లేదు. ఆదివారం ఆదివారం ఎవరికి వారు తమ రాబడిని బట్టి తీసిపెట్టుకోవాలి. ఉన్నదాన్ని బట్టే లెక్క, లేనిదాన్ని బట్టి కాదు. బలవంతం వద్దు. పంట ఎండిన ఏడు ఏం చేయాలన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

అవే పత్రికల్లో ఇంకో వివరం ఉంది. డబ్బు పట్టుకెళ్లే మనుషులను సంఘాలే ఎంపిక చేయాలని పౌలు రాశాడు. పెద్ద మొత్తం కాబట్టి తన మీద నింద రాకుండా, దేవుడి ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా సరిగా ఉండాలని జాగ్రత్తపడుతున్నానని రాశాడు. నెహెమ్యా కొట్టు దగ్గర కనపడిన పద్ధతే ఇక్కడా కనపడింది.

విధవరాలి రెండు కాసుల కథ కూడా ఈ లెక్కలో చూడాలి. మార్కు 12వ అధ్యాయంలో ఆమె మందిరపు కానుకల పెట్టెలో తన బతుకంతా వేసింది. వంతు ఒక్కటే ప్రమాణమైతే ఆమె చేయాల్సింది అది కాదు. కాబట్టి ఈ కథ వంతుకు ఆధారం కాదు. దానికి సరిగ్గా ముందున్న వాక్యాల్లో విధవరాళ్ల ఇళ్లు మింగే శాస్త్రులను యేసు నిందించాడు. రెండూ ఒకే చోట ఉన్నాయి. రెంటినీ కలిపి చదవాలి.

తర్వాతి కాగితం దొరికిన కథ ఇది. 1056లో రాసిన ఒక చేతిప్రతి కాన్‌స్టాంటినోపుల్ గ్రంథాలయంలో పడి ఉండగా 1873లో ఒక మతగురువు కంటపడింది. 1883లో అచ్చయింది. అందులో డిడాఖే అనే చిన్న గ్రంథం ఉంది. మొదటి శతాబ్దపు చివరా రెండో శతాబ్దపు మొదలా అన్నదానిలో పండితులకు తేడాలున్నాయి. పంటలో, మందలో, డబ్బులో, బట్టల్లో తొలి ఫలం ప్రవక్తలకు ఇవ్వాలని, ప్రవక్త లేకపోతే పేదలకు ఇవ్వాలని దానిలో ఉంది. డబ్బులో ఎంతన్నది ఇచ్చేవాడికి తోచినంత. ఆత్మలో ఉన్నానంటూ తన కోసం డబ్బు అడిగే ప్రవక్తను నమ్మవద్దని, మరొకరి అవసరం కోసం అడిగితే తప్పుపట్టవద్దని కూడా ఉంది. వంతు అంకె మాత్రం లేదు.

సుమారు 155లో రోమ్‌లో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత చక్రవర్తిని ఉద్దేశించి రాసిన విన్నపంలో ఆదివారపు ఆరాధన వర్ణన ఉంది. ఉన్నవాళ్లు, ఇష్టమైనవాళ్లు, తోచినంత ఇస్తారు. అది సంఘపు పెద్ద దగ్గర ఉంటుంది. అనాథలు, విధవరాళ్లు, రోగులు, ఖైదీలు, పరదేశులకు ఆయన దాంతో సాయం చేస్తాడు. 197లో కార్తేజ్‌లో టెర్టూలియన్ అనే మరో రచయిత నెలకోసారి డబ్బు వేసే పెట్టె గురించి రాశాడు. ఇష్టముంటే, చేతనైతే. బలవంతం లేదు. ఆ డబ్బు పేదలను పూడ్చడానికి, దిక్కులేని పిల్లలకు, ముసలివాళ్లకు, ఓడ మునిగినవాళ్లకు, గనుల్లో శిక్ష అనుభవిస్తున్నవాళ్లకు పోతుంది. ఇద్దరూ తమ మతాన్ని సమర్థించుకోవడానికి రాసినవాళ్లు. కాబట్టి మంచివే చెప్పారేమో అని అనుమానించాలి. అనుమానించాను. లోపలివాళ్లు తమలో తాము రాసుకున్న కాగితం, బయటివాళ్లు రాసిన కాగితం వెతికాను. రెండూ దొరికాయి.

లోపలి కాగితం 251 నాటి ఒక ఉత్తరం. రోమ్ బిషప్ మరో బిషప్‌కు రాసినది, యూసేబియస్ రాసిన చర్చి చరిత్రలో భద్రంగా ఉంది. అప్పుడు రోమ్ సంఘంలో 46 మంది పెద్దలు, ఏడుగురు డీకన్లు, ఇంకా కింది పనివాళ్లు ఉన్నారు. 1,500 మందికి పైగా విధవరాళ్లను, కష్టంలో ఉన్నవాళ్లను సంఘమే పోషిస్తోంది. ఉత్తరంలో ఉన్నది వేరే తగాదా. ఈ అంకెలు మాటవరసకు వచ్చినవి. అందుకే వాటికి విలువ ఎక్కువ.

బయటి కాగితం ఇంకా గట్టిది. 303 మే 19న ఉత్తరాఫ్రికాలోని సిర్టా పట్టణంలో రోమన్ అధికారులు చర్చిని సోదా చేసి, దొరికిన సామాన్ల పట్టిక రాశారు. మన పంచనామా లాంటిదే. బంగారు గిన్నెలు 2, వెండి గిన్నెలు 6, దీపాలు. ఆ తర్వాత ఆడవాళ్ల అంగీలు 82, మగవాళ్ల అంగీలు 16, మగవాళ్ల చెప్పులు 13 జతలు, ఆడవాళ్ల చెప్పులు 47 జతలు. రాసినవాళ్లు సంఘానికి శత్రువులు. పొగడాల్సిన అవసరం వాళ్లకు లేదు. అన్ని ఆడవాళ్ల బట్టలు, చెప్పులు ఆరాధనకు కావలసినవి కావు. పేదలకు పంచడానికి ఉంచినవన్న చరిత్రకారుల వివరణే ఈ పట్టికకు సరిపోతుంది. జస్టిన్, టెర్టూలియన్ చెప్పినదానికి ఈ పట్టిక సాక్ష్యం.

తేదీ దొరికింది

నాలుగో శతాబ్దపు బోధకులు పదో వంతు మాట ఎత్తారు. అయితే 390ల్లో క్రిసొస్తొమ్ అనే బోధకుడు చేసిన ఒక ప్రసంగం వల్ల అసలు పరిస్థితి తెలుస్తుంది. ఫలానావాడు పదో వంతు ఇస్తాడట అని జనం వింతగా చెప్పుకుంటున్నారని ఆయన బాధపడ్డాడు. అందరూ ఇస్తుంటే అది వింత కాదు. కాబట్టి ఆయన కాలానికి అది అమలులో ఉన్న నియమం కాదు.

567లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని తూర్ ప్రాంతపు బిషప్పులు పదో వంతు ఇవ్వమని జనాన్ని కోరుతూ ఉత్తరం రాశారు. అది విన్నపం. 585లో మాకోన్‌లో జరిగిన బిషప్పుల సభ దాన్ని శాసనం చేసింది. ఇవ్వనివాళ్లను సంఘం నుంచి వెలివేస్తామంది. నేను వెతికిన నిర్బంధ నియమం, శిక్షతో సహా, మొదట కనపడింది ఇక్కడ. క్రైస్తవులు దీన్ని అనాదిగా పాటిస్తున్నారని ఆ శాసనం చెప్పుకుంది. క్రిసొస్తొమ్ సాక్ష్యం దానికి ఎదురు నిలుస్తుంది. ఈ వసూలు పేదల కోసం, బందీలను విడిపించడం కోసం వాడాలని కూడా అదే శాసనంలో ఉంది. 779లో ఫ్రాంకుల రాజు చార్లమేన్ దాన్ని రాజాజ్ఞగా మార్చాడు. అప్పటి నుంచి అది పన్ను. ఫ్రాన్స్‌లో 1789 విప్లవం దాకా, ఇంగ్లండ్‌లో రూపాలు మారుతూ 20వ శతాబ్దం దాకా నడిచింది.

ఇవన్నీ పొలం పంట మీద వసూళ్లు. ఇప్పుడు మన దగ్గర వినపడే రూపంలో రెండు కొత్త లక్షణాలున్నాయి. జీతం, కూలి కూడా లెక్కలోకి వస్తాయి. మలాకీ చెప్పిన కొట్టు అంటే మన సంఘమే అంటారు. ఈ రెండూ కలిసి 19వ శతాబ్దపు చివర అమెరికాలో కనపడతాయి. 1833 తర్వాత అక్కడి ఏ రాష్ట్రంలోనూ చర్చికి పన్ను డబ్బు రాలేదు. సంఘాలు చర్చిలో కూర్చునే బల్లల అద్దె, చందాలు, విందుల మీద బతికేవి. 1870ల నుంచి షికాగోలో ఒక వ్యాపారి పదో వంతు మీద కరపత్రాలు అచ్చువేసి పాస్టర్లకు పంచాడు. 1895లో సిన్సినాటిలోని ఒక సంఘం సభ్యులు తమ వంతులు సంఘపు ఖజానాకే తెస్తామని ఒప్పుకున్నారు. ఇక్కడి రూపానికి, అక్కడి రూపానికి పోలిక ఉంది. పోలిక ఉన్నంత మాత్రాన వారసత్వం రుజువు కాదు. కాబట్టి పోలిక అని మాత్రమే రాస్తున్నాను.

తెలుగు నేల మీద

చివరగా ఒక మాట తేల్చాలి. తెలుగు క్రైస్తవులు పుచ్చుకున్నవాళ్లే కాని ఇచ్చినవాళ్లు కాదని ఒక వాదన ఉంది. దానికి ఒంగోలును చూపిస్తారు. 1876-78 కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ తర్వాత 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మూడు రోజుల్లో 3,536. డబ్బుకే వచ్చారని అప్పుడూ అన్నారు. తేదీలు చూస్తే 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, సుమారు 15 నెలలు, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి ఇచ్చిన కాలమూ బాప్తిస్మం ఇచ్చిన కాలమూ ఒకటి కాదు. అన్ని వేల మనసుల్లో ఏముందో ఏ రిజిస్టరూ చెప్పదు. వాదన మాత్రం తేదీల ముందు నిలబడలేదు.

ఇచ్చినవాళ్ల జాడ దోర్నకల్‌లో స్పష్టంగా ఉంది. 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి క్రైస్తవులు విదేశీ డబ్బు లేకుండా ఒక మిషనరీ సొసైటీ పెట్టారు. వాళ్లు మనుషులను పంపింది నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలకు. ఆ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబర్ 29న దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన సంఘాల్లో ఎక్కువమంది భూమి లేని మాల, మాదిగ కూలీలు. క్రైస్తవ దానం మీద ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. ఆయన మరణం తర్వాత 1950లలో అది లండన్‌లో కూడా అచ్చయింది. దోర్నకల్ కేథడ్రల్ కట్టడం ఏళ్ల తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది.

ఆ పల్లెల్లో ఇచ్చిన తీరు ఇది. ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేస్తుంది. తర్వాత మిగిలినవి కడిగి వండుతుంది. కుండలో చేరినవి ఆదివారం గుడికి తెస్తుంది. కోతల పండుగకు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి వేలం వేసి, వచ్చిన డబ్బు సంఘానికి ఇస్తారు. ఈ ఆచారం ఇంకా చాలా తెలుగు సంఘాల్లో ఉంది.

ఆ బియ్యపు కొలతలో భిన్నం లేదు. పూటకు పిడికెడు. పొయ్యి వెలగని పూట బాకీ పడదు. అప్పు పోగానా, పోకముందా అనే ప్రశ్నే పుట్టదు. కూలికి పోయే ఇల్లాలు కూడా ఇచ్చేవాళ్లలో ఒకరవుతుంది. ఎవరూ ఆమెను దొంగ అనలేరు. ఉన్నదాన్ని బట్టి అని కొరింథుకు పౌలు రాసిన మాట తెలుగు పల్లెలో అమలైన తీరు ఇది.

తేలినవి ఇవి. పదో వంతు ధర్మశాస్త్రంలో ఉంది, కాని భూమీ మందా ఉన్నవాళ్ల మీద, భూమి లేనివాళ్ల కోసం. కూలి మీద లేదు. 1వ శతాబ్దం నుంచి 4వ శతాబ్దం దాకా చూసిన కాగితాల్లో ఇవ్వడం ఉంది, శిక్ష లేదు. శిక్షతో కూడిన నియమానికి తేదీ 585. కాలం మారినప్పుడల్లా వంతు మారింది. పుచ్చుకునేవాళ్ల పట్టిక మాత్రం పెద్దగా మారలేదు. విధవరాలు, తండ్రిలేని పిల్లలు, పరదేశి, రోగి, ఖైదీ. నెహెమ్యా దగ్గరా, పౌలు దగ్గరా ఇంకొకటి కూడా తప్పలేదు. డబ్బును పదిమంది నమ్మే మనుషుల చేతుల్లో పెట్టి, నలుగురి ఎదుట లెక్క సరిచూడటం.

కాబట్టి గాండ్లపెంట రైతు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. ఉన్నదాంట్లోంచి, ఇష్టంగా, చేతనైనంత ఇవ్వండి. ఎండిన ఏడు ఇవ్వలేకపోతే మీరు దొంగ కాదు. ఇచ్చాక ఆ డబ్బు ఏ విధవరాలికి, ఏ రోగికి చేరిందో సంఘంలో అడగండి. ఆ లెక్క చదివి వినిపించమనడం ధిక్కారం కాదు. మాకోన్ శాసనం కన్నా పాత ఆచారం అది.